ఏప్రిల్ 15: అందరి వీపు మీదా 42

అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లకి ఏప్రిల్ 15 అనగానే టాక్స్ గడువు గుర్తొస్తుంది. బేస్‌బాల్‌కి కూడా అది పెద్ద రోజే. ఆ సాయంత్రం ఆఫీసు వాళ్లంతా మ్యాచ్‌కి పోదామంటే ‘నాకు ఆ ఆట తెలీదు’ అని తప్పుకునేవాళ్లు మనలో చాలామంది. రూల్స్ అన్నీ వచ్చాకే వెళ్దామనుకుంటే ఎప్పటికీ వెళ్లలేం. ఈ ఒక్క తేదీ కథ తెలుసుకుంటే చాలు, ఆట సగం పట్టుబడుతుంది. పైగా అదంతా కొత్త చోట పనికి కుదిరినవాళ్ల కథే.

1947 ఏప్రిల్ 15, బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్. బోస్టన్ బ్రేవ్స్ మీద బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున జాకీ రాబిన్సన్ దిగాడు. 19వ శతాబ్దం చివర్లో నల్లవాళ్లకి మూసేసిన మేజర్ లీగ్ (అమెరికాలో బేస్‌బాల్ పై స్థాయి లీగ్) తలుపు ఆ రోజు తెరుచుకుంది. అప్పటికి అతని వయసు 28, జీతం ఏడాదికి 5,000 డాలర్లు. జట్టు నడిపే బ్రాంచ్ రికీ ముందే ఒక షరతు పెట్టాడు: ఎవరేమన్నా ఎదురు తిరగకూడదు. ఈ మాట అందరూ చెప్తారు. పని తెలిసినవాళ్లు గమనించాల్సింది ఇంకోటి ఉంది. అంతకు ముందు ఏడాది డాడ్జర్స్ కింది స్థాయి జట్టు మాంట్రియల్‌లో రాబిన్సన్ ఆడింది సెకండ్ బేస్, అంటే పరుగు తీసేవాళ్లు వరసగా తాకాల్సిన బేస్‌లలో రెండోదాని దగ్గర ఫీల్డింగ్. డాడ్జర్స్‌లో ఆ చోట ఎడీ స్టాంకీ ఉన్నాడు కాబట్టి ఇతన్ని ఫస్ట్ బేస్‌కి పంపారు. గ్లోవ్ వేరు, కాళ్ల పని వేరు. ఒక పాదం బేస్‌ని తాకుతూ ఉండాలి, ఒళ్లంతా చాచి మిగతావాళ్లు విసిరే బంతుల్ని అందుకోవాలి, నేలబారుగా వచ్చేవాటిని కింద నుంచి తోడినట్టు తీసుకోవాలి. పరిగెత్తుకొచ్చేవాడి బూట్ల మేకులు ఆ పాదం పక్కనే దిగుతాయి. ఆ ఆగస్టులో ఒకసారి నిజంగానే రాబిన్సన్ కాలి మీద దిగాయి. లోకమంతా చూస్తున్న మొదటి రోజున అతను చేసింది అలవాటు లేని పని.

ఆ రోజు అతని ఆట అర్థం కావాలంటే స్కోర్‌కార్డు చదవడం రావాలి. పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఫీల్డర్లకి నంబర్లుంటాయి: పిచర్ (బంతి విసిరేవాడు) 1, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, ఎడమ ఫీల్డ్ 7, మధ్య 8, కుడి 9. కొత్తవాళ్లు తడబడేది షార్ట్‌స్టాప్ దగ్గరే. అతను నిలబడేది 4, 5ల మధ్య, నంబరు మాత్రం 6. ఇవి జెర్సీ నంబర్లు కావు, నిలబడే చోటుకి పెట్టినవి. బంతి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఆ వరసలోనే రాస్తారు.

రాబిన్సన్ మొదటిసారి బ్యాట్ పట్టినప్పుడు బంతి థర్డ్ బేస్ వైపు నేల మీద దొర్లింది, అక్కణ్ణుంచి ఫస్ట్‌కి విసిరారు: 5-3, అవుట్. రెండోసారి ఎడమ ఫీల్డ్‌లో క్యాచ్. మూడోసారి 6-4-3, ఒకే బంతికి ఇద్దరు అవుట్. ఏడో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ 2-3తో వెనకబడి ఉన్నారు, స్టాంకీ ఫస్ట్ బేస్ మీద ఉన్నాడు. రాబిన్సన్ బంట్ చేశాడు, అంటే బ్యాట్ ఊపకుండా అడ్డం పెట్టి బంతిని దగ్గర్లోనే పడేశాడు. తను అవుటైనా ముందున్నవాడు ఇంకో బేస్ జరగాలన్నది లెక్క. ఇలాంటి బంతి ఫస్ట్ బేస్ గీత పక్కన పడితే ఫీల్డర్‌కి చిక్కే. విసరాల్సిన దారిలోనే బ్యాటర్ పరిగెడుతుంటాడు. బ్రేవ్స్ ఫస్ట్ బేస్ ఆటగాడు ఎర్ల్ టోర్గెసన్ విసిరిన బంతి రాబిన్సన్‌కి తగిలి కుడి ఫీల్డ్‌లోకి పోయింది. కార్డులో అది 3 చేసిన ఎర్రర్, అంటే ఫీల్డర్ పొరపాటు. ఇద్దరూ మూడో బేస్‌కి, రెండో బేస్‌కి చేరారు. వెంటనే డాడ్జర్స్ బ్యాటర్ పీట్ రైజర్ కొట్టిన డబుల్‌కి (కొట్టినవాడు రెండో బేస్ దాకా చేరే దెబ్బ) ఇద్దరూ ఇంటికొచ్చారు, అంటే రెండు పరుగులు. చివరికి డాడ్జర్స్ 5-3తో గెలిచారు.

ఇలా ముందున్నవాడి కోసం చేసే శాక్రిఫైస్ బంట్‌ని బ్యాటింగ్ అవకాశాల్లో లెక్కెయ్యరు. అందుకే రికార్డులో అతనిది మూడింటికి సున్నా. ఒక్క హిట్ కూడా లేదు, కానీ జట్టుని ముందుకి తెచ్చిన పరుగు అతనిదే. ఏడాది చివర్లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏడాది మేటి కొత్త ఆటగాడు) అవార్డు అతనికే వచ్చింది. మొదటి రోజు అంకెల్ని బట్టి మనిషిని తూచేవాళ్లకి చూపించాల్సిన కార్డు ఇది.

బే ఏరియాలో ఉన్నవాళ్లకి ఇంకో ఏప్రిల్ 15 ఉంది. 1958లో పడమటి తీరంలో తొలి మేజర్ లీగ్ మ్యాచ్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని సీల్స్ స్టేడియంలో జరిగింది. న్యూయార్క్ నుంచి జెయింట్స్, బ్రూక్లిన్ నుంచి డాడ్జర్స్ అప్పుడే కాలిఫోర్నియాకి మకాం మార్చాయి. జెయింట్స్ 8-0తో గెలిచారు. ఒక్క పరుగూ ఇవ్వని పిచర్ రూబెన్ గోమెజ్ ప్యూర్టోరికో వాడు. అదే మ్యాచ్‌తో అడుగుపెట్టి హోమ్‌రన్ కొట్టిన ఓర్లాండో సెపేదాదీ ఆ దీవే.

1997లో, సరిగ్గా యాభై ఏళ్లకి, రాబిన్సన్ వేసుకున్న 42 నంబరు జెర్సీ ఇక కొత్తగా ఎవరికీ ఇవ్వకూడదని అన్ని జట్లకీ వర్తించేలా ప్రకటించారు. అప్పటికే వేసుకుంటున్నవాళ్లకి మినహాయింపు ఇచ్చారు. వాళ్లలో చివరివరకూ, 2013 దాకా, మిగిలినవాడు పనామా నుంచి వచ్చిన మరియానో రివేరా. 2009 నుంచి ఈ రోజున ఆటగాళ్లంతా 42 వేసుకుంటున్నారు.

ఇప్పటి ఆటగాళ్లలో నాలుగో వంతుకి పైగా అమెరికా బయట పుట్టినవాళ్లే. చాలామందిది పీ-1 వీసా. మన హెచ్-1బీలా దానికి లాటరీ లేదు, ఒకేసారి ఐదేళ్ల వరకు ఇవ్వొచ్చు. ఒక జట్టు ఆటగాణ్ణి ఇంకో జట్టుకి ఇచ్చేస్తే పని అనుమతి 30 రోజులు దానంతటదే కొనసాగుతుంది, కొత్త జట్టు ఆలోగా పిటిషన్ వెయ్యాలి. పన్నులోనూ పోలిక ఉంది. ఆటగాళ్లు వేరే రాష్ట్రంలో ఎన్ని పనిరోజులు గడిపారో లెక్కగట్టి జీతంలో ఆ వాటా మీద అక్కడ పన్ను కడతారు. వేరే రాష్ట్రంలో క్లయింట్ దగ్గర పనిచేసే కన్సల్టెంట్లు డబ్ల్యూ-2లో రాష్ట్రాల గడులు చూసుకోవాల్సింది ఇందుకే. గడువు పెంచమని అడిగే ఫారం 4868 వేస్తే అక్టోబర్ 15 దాకా గడువు దొరికేది రిటర్ను వెయ్యడానికే. కట్టాల్సిన డబ్బుకి ఏప్రిల్ 15 దాటితే వడ్డీ పడుతుంది.

ఆ రోజు మ్యాచ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటే కాల్‌ట్రెయిన్‌లో చివరి స్టేషన్ దాకా వెళ్లి దిగండి, స్టేడియం నడిచేంత దూరమే. సన్నీవేల్ ఎండ చూసి మోసపోవద్దు, చీకటి పడితే బే మీంచి గాలి కోసేస్తుంది, జాకెట్ తప్పనిసరి. పెన్సిల్, రబ్బరు దగ్గరుంచుకోండి. వీపు మీది నంబరు చూసి ఎవరెవరో చెప్పలేరు కాబట్టి, ఆటకి ముందు లైనప్ చూపించినప్పుడే పేరుకి ఎదురుగా ఏ చోట నిలబడతాడో ఆ నంబరు రాసుకోండి.