గోడ స్విచ్ కట్టేస్తే డెబియన్ మాయం

మా కంప్యూటర్‌లో విండోస్ పక్కనే డెబియన్ అనే లైనక్స్ కూడా ఎక్కించాను. రాత్రి ఒంటిగంటకి గ్రబ్ (ఏ సిస్టమ్ తెరవాలో అడిగే తొలి మెనూ) నల్ల తెర కనబడితే గంతేసినంత పని చేశాను. పొద్దున్న స్విచ్ వేస్తే మళ్ళీ తిన్నగా విండోసే. మదర్‌బోర్డు చూపే బూట్ మెనూలో డెబియన్ పేరే లేదు.

గ్రబ్‌లో విండోస్ కనబడకపోవడం పోయినవారమే తేలిపోయింది. గ్రబ్ 2.06 నుంచి, పక్కనున్న సిస్టమ్‌లని వెతికే ఓఎస్ ప్రోబర్‌ని ఆపి ఉంచుతున్నారు, ఒక్క లైను మారిస్తే సరి.

ఇది వేరే రోగం. లెక్క రాసుకున్నాను. రీస్టార్ట్ చేస్తే ఆరుసార్లకి ఆరుసార్లూ గ్రబ్ వచ్చింది. షట్‌డౌన్ చేసి గోడ స్విచ్ వేసే ఉంచితే మూడుసార్లూ వచ్చింది. స్విచ్ కట్టేసి పది నిమిషాలు ఆగితే మాత్రం రెండుసార్లూ పోయింది. మా పర్లాకిమిడిలో గాలివానకి కరెంటు పోయినప్పుడల్లా ఇదే కథన్నమాట.

మొదట బోర్డు బ్యాటరీని అనుమానించాను. విండోస్‌లో గడియారం తప్పు మరి: పొద్దున్న 8 గంటలకి 2:30 చూపించింది. పీకి మల్టీమీటర్ పెడితే 3.01 వోల్టులు. అయినా మనసొప్పక పాతపట్నంలో వాచీల కొట్టుకెళ్ళి కొత్త సీఆర్2032 తెచ్చి వేశాను. తేడా ఏమీ లేదు. "గడియారం కోసం కంప్యూటరంతా విప్పీసేవేట్రా?" అన్నాడు నాన్న. అప్పుడు వెలిగింది, తేడా సరిగ్గా ఐదున్నర గంటలు! లైనక్స్ బోర్డు గడియారాన్ని యూటీసీ అనే ప్రపంచ టైములో పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమనుకుంటుంది. బ్యాటరీ తప్పేం లేదు.

నా ఊహ ఏమిటంటే, కరెంటు పూర్తిగా పోయి వస్తే ఈ బోర్డు డిస్కులు మళ్ళీ వెతికి, తనకి తెలిసిన రెండు దారులే ఉంచుకుంటోంది: విండోస్ ఫైలు, ఈఎఫ్ఐ బూట్ ఫోల్డర్‌లోని బూట్‌ఎక్స్64 (ఏ పేరూ గుర్తులేనప్పుడు బోర్డు తెరిచే ఫైలు). బూట్ రిపేర్ అనే మరమ్మతు ప్రోగ్రామ్ వాడదామా అనిపించింది గానీ, ఒక్క బటన్‌తో ఏవేవో మార్చేసే పనిముట్లు నాకు పడవు. గ్రబ్ బదులు వాడే రీఫైండ్ బొమ్మలు ముచ్చటగానే ఉంటాయి, దాని పేరునీ ఈ బోర్డు చెరిపేస్తుందిగా.

అందుకని ఆ బూట్‌ఎక్స్64కి ఇంకో పేరుతో కాపీ దాచి, గ్రబ్ ప్యాకేజీని రీకాన్ఫిగర్ చేశాను. రిమూవబుల్ మీడియా దారిలోనూ (అంటే ఆ బూట్‌ఎక్స్64 చోటే) గ్రబ్‌ని పెట్టనా అని అడిగితే సరేనన్నాను. స్విచ్ కట్టేసి గంట తర్వాత చూస్తే 'యూఈఎఫ్ఐ ఓఎస్' అన్న కొత్త పేరుతో గ్రబ్ ఉంది! కానీ విండోస్ తర్వాత, రెండో వరసలో. ప్రతిసారీ ఎఫ్11 కొట్టి బూట్ మెనూ తెరవాల్సిందే.

ఆదివారం పాత 120 జీబీ ఎస్‌ఎస్‌డీకి విండోస్‌ని మార్చి చూస్తాను, డిస్కుల వరసనైనా ఈ బోర్డు గుర్తుంచుకుంటుందేమో. నాన్న దుకాణం లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి, ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి.