తోట మళ్లీ కాసేదాకా

దెబ్బతిన్న మనిషితో "ధైర్యంగా ఉండు, అంతా మంచే జరుగుతుంది" అనడం నాకు అస్సలు నచ్చదు. అనేవాళ్లు మంచివాళ్లే, కాదనను. కానీ వాళ్లు వెళ్లిపోయాక అతనికి పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం తెలియదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కొబ్బరి, జీడి తోటల ప్రాంతం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అంతకుముందు 2013లో ఫైలిన్, మరుసటేడు హుద్‌హుద్, అన్నీ అక్టోబర్‌లోనే, అందుకే మావాళ్లకి దసరా వస్తోందంటే పండగ కంటే ముందు గాలి టెన్షన్ పట్టుకుంటుంది. కానీ తిత్లీ వేరు. కొబ్బరి చెట్లు సగానికి విరిగాయి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, నిలబడ్డ కొబ్బరిలో కూడా కొన్నిటికి మొవ్వు (తల మధ్యలో ఉండే లేత చిగురు) మెలితిరిగి తర్వాత మెల్లగా ఎండిపోయాయి.

బయటివాళ్లకి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వరి పోతే వచ్చే ఏడు మళ్లీ నాటుకోవచ్చు (అప్పు సంగతి వేరే అనుకోండి). కొబ్బరిలో పొడవు రకం నాటితే కాపుకి ఆరేడేళ్లు, నిండుగా కాయాలంటే ఇంకా ఎక్కువ. జీడి మూడో నాలుగో ఏడు నుంచి కొంచెం కొంచెం ఇస్తుంది. తాత వేసిన తోట మా ఇంటికి పెన్షన్ లాంటిది, అది ఒక్క రాత్రిలో ఆగిపోయింది. ఆశ ఉంచుకో అంటే సరే, ఉంచుకుంటాం, ఈ ఏడేళ్లూ ఏం తినాలి?

నాన్న ఆశ గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. "ఏటి చేత్తాం, ముందు దుంగలు తీయించాల" అన్నాడంతే. నాకప్పుడు విసుగొచ్చింది, కొత్త మొక్కలు తెచ్చి పెట్టేస్తే పోయేదానికి కూలి డబ్బులు దుంగల మీద పెట్టడమేంటని. ఆయనకి తెలిసిందేమిటంటే, పడిపోయిన కొబ్బరి మానులు తోటలోనే కుళ్లితే వాటిలో కొమ్ము పురుగు పెరుగుతుంది, అది వచ్చి లేత మొక్కల మొవ్వునే తొలిచేస్తుంది. దుంగలు అలాగే వదిలేసి తొందరపడి నాటిన తోటల్లో చాలా మొక్కలు అలాగే పోయాయి. ఇప్పటికీ నాన్న చేతిలో చిన్న ఇనుప కొక్కెం ఉంటుంది, మొక్క మొక్కకీ వెళ్లి పురుగుని లాగి చంపడానికి.

మధ్యలో బతుకు ఎలా గడిచిందంటే, మొక్కల మధ్య అరటి, కూరగాయలు, అమ్మ పలాసలో జీడిపప్పు పనికి వెళ్లడం, నేను హైదరాబాద్ నుంచి పంపే డబ్బులు. మా ఊళ్లో చాలా ఇళ్లది ఇదే కథ, కొందరు ఇంకా దూరం, గల్ఫ్ దాకా వెళ్లారు. ఇందులో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. కానీ ఇంట్లో నెల గడుస్తుందని నమ్మకం కుదిరాకే నాన్న మళ్లీ తోట గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు, అంతకుముందు కాదు. ఇది నేను దగ్గరుండి చూశాను. ఇప్పుడు ఫోన్ చేస్తే నా ఉద్యోగం గురించి అడగడు, ఏ మొక్క కొత్త మట్ట వేసిందో చెప్తాడు.

ఈమధ్య కొన్నిటికి గెలలు వచ్చాయి. మిగిలిన ఖాళీలో తొందరగా కాసే పొట్టి రకాలు వేద్దామని నేను, అవి ఎక్కువ కాలం బతకవని ఆయన. ఆ గొడవ ఇంకా తేలలేదు.