మగ్గాల షావుకారు, మన సోషల్ సారు

2003లో మన బడిలో కింది తరగతుల పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండిపెట్టడం మొదలైంది. మనం ఎనిమిదిలో ఉన్నాం కాబట్టి మనకు పప్పుచారు వాసనే ప్రాప్తం. ఆ ఉక్రోషంతో మనం గోల చేస్తుంటే సోషల్ సారు పాఠం పక్కన పెట్టేశారు. "బళ్లె అన్నం పెట్టుడు ఇయ్యాల్టి ముచ్చట కాదురా. మద్రాసుల మన తెలుగాయన ఎన్నడో షురూ చేసిండు" అంటూ పిట్టి త్యాగరాయ చెట్టి కథ ఎత్తుకున్నారు.

సారుది నేత కుటుంబం. అందుకే చెట్టిగారి రాజకీయం కంటే మగ్గాలే ఆయనకు ముందు. 1852లో దేవాంగుల ఇంట పుట్టి, ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ చదివి, సుమారు 100 మగ్గాలతో నేత కార్ఖానా నడిపిన మనిషి. అడ్డపోగు వేసే నాడెను చేత్తో విసిరే రోజుల్లో అక్కడ తాడు గుంజితే నాడె పరుగెత్తే ఫ్లై షటిల్ పెట్టించాడు. తేడా తెలియాలని సారు డస్టరును కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో పట్టుకుని, "ఇట్లయితే బట్ట పన్నా నీ చేతులు సాగినంతనే" అన్నారు. తర్వాత దానికి సుతిలి కట్టి టేబులు మీద ఈ కొస నుంచి ఆ కొసకు సర్రున గుంజారు. సుద్దపొడంతా ముందు బెంచీవాళ్ల మొహాన!

రాజకీయం మాత్రం గబగబా కానిచ్చారు. మొదట కాంగ్రెస్. 1916లో టి.ఎం. నాయర్, నటేశ ముదలియార్‌లతో కలిసి బ్రాహ్మణేతరుల కోసం జస్టిస్ పార్టీ. అది జమీందార్ల పార్టీ, తెల్లదొరల పక్షం అని తిట్టినవాళ్లున్నారు, ఆ మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. 1920 మద్రాసు ప్రెసిడెన్సీ ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచాక గవర్నర్ ముఖ్యమంత్రి పదవికి పిలిస్తే వద్దన్నాడు. సుబ్బరాయలు రెడ్డియార్ ఆ కుర్చీ ఎక్కాడు.

పదవి వద్దన్నందుకే చాలామంది ఆయన్ను మెచ్చుకుంటారు. నాకైతే అదే ఏడు, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండి, థౌజండ్ లైట్స్ బడిలో తలకు రోజుకు అణా మించకుండా టిఫిన్ పెట్టించడమే పెద్ద పని. బడికొచ్చేది పేదపిల్లలు, కడుపు మాడితే రావడం మానేస్తారన్నది లెక్క. తర్వాత మరో 4 బళ్లకూ ఇచ్చారు. ఆ ఖర్చుకు సర్కారు మోకాలడ్డడంతో 1925లో ఆగిపోయింది. చెట్టిగారు పోయిందీ ఆ ఏడే.

మన బ్యాచ్‌వాళ్లు పెళ్లి పట్టుచీరలకు చెన్నైలో టీ నగర్ (త్యాగరాయ నగర్) వెళ్లొస్తుంటారు కదా, ఆ పేటకు పెట్టింది ఆయన పేరే. ఈసారి వెళ్తే కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ దగ్గర ఆయన విగ్రహం చూసి, వాట్సాప్ గ్రూపులో ఓ ఫొటో పెట్టండి. సారు కూడా గ్రూపులో ఉన్నారు.