చంపాసక్ రేవులో మాఘస్నానం

మాఘ పౌర్ణమి వస్తోందంటే మా కోనసీమలో అంతర్వేది తీర్థం మాటే వినిపిస్తుంది. భీష్మ ఏకాదశికి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, పౌర్ణమికి సముద్రస్నానం. నరసాపురం వైపు చుట్టాలు గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో, మనుషులనూ బళ్ళనూ దాటించే పంటు దిగేవాళ్ళు. వాళ్ళకు ఎదురెళ్ళడానికి పొద్దున్నే రేవుకు పరుగెత్తడమే చిన్నప్పుడు నాకు పండగ. 2024 ఫిబ్రవరి 24న, అదే పౌర్ణమినాడు, నేనూ మా వదినా లావోస్ దేశంలో, చంపాసక్ అనే చిన్న ఊళ్ళో, మేకాంగ్ నదిలో మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాం.

అక్కడికెందుకు వెళ్ళారని అందరూ అడిగారు. శివుడి కోసం వెళ్ళాం. చంపాసక్‌కు పడమట ఒక కొండ ఉంది. దాని శిఖరం మీద రాయి నిలువుగా లింగంలా లేచి ఉంటుంది. పాత సంస్కృత శాసనాల్లో దాని పేరు లింగపర్వతం, అక్కడి స్వామి పేరు భద్రేశ్వరుడు. కొండ వాలులో ఉన్న గుడిని ఇప్పుడు వాట్ ఫూ అంటారు, అంటే కొండ గుడి. మా వదినకు అరవై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. దాక్షారామం భీమేశ్వరుడి దగ్గరా కోటిపల్లి సోమేశ్వరుడి దగ్గరా ఆమె చూడని కార్తీకం లేదు. భద్రేశ్వరుడి సంగతి ఎవరో చెప్పగానే, "కాళ్ళు ఆడుతుండగానే తీసుకెళ్ళు అమ్మాయీ" అంది. అంతే.

ఎలా వెళ్ళాలో ఫోన్లో చుట్టాలందరికీ చెప్పి చెప్పి, ఇక రాసేద్దామని కూర్చున్నాను.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం. అప్పటికి మనవాళ్ళకు థాయ్‌లాండ్‌లో 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. మీరు వెళ్ళేనాటికి నిబంధన ఎలా ఉందో చూసుకోండి. లావోస్ అనగానే చాలామంది రాజధాని వియన్‌టియాన్‌కు టికెట్ కొంటారు. 2021 డిసెంబరులో అక్కడ కొత్త రైలు మొదలైంది కాబట్టి దాంట్లో చంపాసక్ వెళ్ళిపోవచ్చు అనుకుంటారు. ఆ రైలు ఉత్తరానికి, చైనా సరిహద్దుకు వెళ్తుంది. చంపాసక్ దేశానికి దక్షిణపు కొసన ఉంది. వియన్‌టియాన్ దిగితే మళ్ళీ చంపాసక్‌కు దగ్గరి పట్నమైన పాక్సే దాకా విమానమో, రాత్రంతా బస్సో తప్పదు. బ్యాంకాక్ నుంచి థాయ్‌లాండ్‌లోనే ఉన్న ఉబోన్ రాచథాని మీదుగా వెళ్ళడమే తేలిక.

మేము రాత్రి రైలు ఎక్కాం. దాదాపు 575 కిలోమీటర్లు, పడుకునే బెర్తులు, శుభ్రమైన దుప్పట్లు. తెల్లారేసరికి ఉబోన్. రైలు స్టేషను మూన్ నదికి ఇవతల, వారిన్ చమ్‌రాప్ అనే పేటలో ఉంటే, బస్టాండు నది అవతల ఊరికి ఆ చివర ఉంది. నడుద్దాం అనుకోకుండా టాక్సీ పిలవండి. ఉబోన్ నుంచి పాక్సేకు సరిహద్దు దాటించే బస్సు ఉంటుంది. అది వెళ్ళిపోయిందన్నారు. చోంగ్ మెక్ దాకా చిన్న వ్యానులో వెళ్ళాం. అది థాయ్‌లాండ్ చివరి ఊరు.

ఈ సరిహద్దు దగ్గర నది లేదు. ఉత్తరాన చాలా దూరం రెండు దేశాల మధ్యా మేకాంగే గట్టు. ఇక్కడ మాత్రం నేల మీదే దాటుతాం. థాయ్ వైపు ముద్ర వేయించుకుని, నేల కింద సొరంగంలాంటి దారిలో నడిచి లావోస్ వైపు వాంగ్ తావ్‌లో తేలాం. వీసా అక్కడికక్కడే ఇచ్చారు. చెరి 40 డాలర్లు, ఒక్కో ఫొటో, ఒక ఫారం. డాలర్ల నోట్లు నలగకుండా ఉండాలి. వదిన పసుపు కుంకుమల పొట్లాలతో పాటు ఫొటోలు కూడా కొంగున ముడేసుకొచ్చింది, వెతుక్కునే పని లేకుండా పోయింది. అక్కడి నుంచి పాక్సేకు నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఊరి ముందు మేకాంగ్ మీద పొడవాటి వంతెన, 2000లో జపాన్ సాయంతో కట్టింది. వదిన మొదటిసారి ఆ నదిని చూసింది ఆ వంతెన మీదనే. "మన రాజమండ్రి గోదారే ఇది" అని కిటికీలోంచి దణ్ణం పెట్టుకుంది.

పాక్సేలో నేనొక తప్పు చేశాను. చంపాసక్ ముప్పై చిల్లర కిలోమీటర్లే కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చనుకున్నాను. అక్కడ మనుషుల బండి సోంగ్‌తేవ్. పికప్ వ్యాను వెనక అటూ ఇటూ రెండు బల్లలు, పైన రేకు. ఆ మాటకు అర్థం కూడా రెండు వరసలనే. ఇవి దావ్ హ్యూంగ్ సంత దగ్గర పొద్దున పూట బయల్దేరతాయి. పల్లెవాళ్ళు తెల్లవారుజామున కూరలతో సంతకొచ్చి, అమ్ముకుని, అవే బళ్ళలో తిరిగిపోతారు. మధ్యాహ్నం మేం వెళ్ళేసరికి సంత దగ్గర బళ్ళు లేవు. విడిగా కారు మాట్లాడితే పండగ రోజులని అడిగిన ధర మాకు మోయలేనంత. సరే అని ఆ రాత్రి పాక్సేలోనే ఉన్నాం. మీరు మాత్రం ఉబోన్ నుంచి పొద్దున్నే కదలండి, లేదా పాక్సేలో ఒక రాత్రి ఉండటానికి ముందే లెక్క వేసుకోండి.

మర్నాడు ఏడింటికల్లా సంతకెళ్ళాం. బల్ల మీద మా పక్కన ఒక మామ్మగారు, ఆవిడ కాళ్ళ దగ్గర వెదురుబుట్టలో కోడిపిల్లలు, బండి మధ్యలో మంచుగడ్డల మూట, బియ్యం బస్తాలు. మామ్మగారు వదిన మోకాళ్ళకు చుట్టుకున్న గుడ్డ చూసి, ఏమీ అడక్కుండా తన బుట్ట పక్కకు జరిపి కాళ్ళు చాపుకోమని సైగ చేసింది. మేము ఏ గుడికి వెళ్తున్నామో చెప్పడానికి మాట రాలేదు. నేను రెండు చేతులూ జోడించి "వాట్ ఫూ" అన్నాను. ఆవిడ "మాఖ బూసా" అంది. మాఘ పూజ! బౌద్ధులకు కూడా ఈ పౌర్ణమి పెద్ద పండగే, బుద్ధుడి దగ్గరకు 1,250 మంది భిక్షువులు పిలవకుండానే చేరిన రోజు. వాట్ ఫూ ఉత్సవం ఏటా ఆ పౌర్ణమికే జరుగుతుంది. ఆ ఒక్క మాటతో వదినకు ప్రాణం లేచొచ్చింది. దారి పొడవునా ఆవిడ "మాఖ" అంటే ఈవిడ "మాఘ" అంటూ, ఇద్దరూ నవ్వుకుంటూనే ఉన్నారు.

బండి పడమటి ఒడ్డు రోడ్డు మీదుగా గంటకు పైగా నడిచింది. ఈ తారు రోడ్డు రాకముందు అందరూ తూర్పు ఒడ్డున 13వ నంబరు రహదారి మీద వచ్చి, నది దాటి ఊరు చేరేవాళ్ళట. అంతకు ముందు పాక్సే నుంచే పడవలొచ్చేవి. ఇప్పుడు పడవ కావాలంటే మొత్తం మాట్లాడుకోవాలి. పదిమంది కలిస్తే గిట్టుబాటు, ఇద్దరికి కాదు.

చంపాసక్ అంటే నది పక్కన ఒకే ఒక్క వీధి. ఒకప్పుడు ఇది రాజ్యం. ఇప్పుడు చెక్క ఇళ్ళు, రెండు మూడు విహారాలు, నడుమ గుండ్రటి కూడలి, దాని చుట్టూ కొన్ని బసలు. ఎదురుగా నదిలో దోన్ దేంగ్ అనే లంక. "దోన్" అంటే మన కోనసీమ లంకల్లాంటి లంకేనని తెలిశాక వదిన ఇక ఆ ఊరిని పరాయి ఊరనలేదు. అన్నం జిగురుబియ్యం, వెదురుబుట్టలో పెడతారు. కూరల్లో పులియబెట్టిన చేపల రసం కలుపుతారు కాబట్టి మాకు అటుకులు, కందిపొడి, అరటిపళ్ళే ఆధారం.

పౌర్ణమినాడు ఇంకా చీకటుండగానే రేవులోకి దిగాం. ఫిబ్రవరిలో నది తగ్గి ఉంటుంది, ఇసుకలో కొంత నడవాలి. చంపాసక్ పక్కనే, నది ఒడ్డున, ఒకప్పుడు ఇటుక గోడల నగరం ఉండేది. అక్కడ దొరికిన 5వ శతాబ్దపు సంస్కృత శాసనంలో దేవానీకుడనే రాజు, ఇక్కడ కురుక్షేత్రమనే తీర్థాన్ని నెలకొల్పానని చెప్పించుకున్నాడు. ఎక్కడి కురుక్షేత్రం, ఎక్కడి మేకాంగ్! సంకల్పంలో ఏ తీరమని చెప్పాలో వదినకు కాసేపు తోచలేదు. గోదావరీ తీరే అని నోరు అలవాటుగా అనబోయి ఆగింది. శాసనం సంగతి నేను చెప్పాక, "అయితే రాజుగారు మనకోసం ముందే తీర్థం పెట్టి ఉంచాడు" అని మూడు మునకలు వేసింది. తూర్పున నది మీదకు సూర్యుడు రాకముందే పడమట కొండ శిఖరానికి ఎండ తగిలింది. ఆ కొసరాయి ఒక్కటే ఎర్రగా వెలిగింది. ఒళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూస్తూ నిలబడ్డాం.

గుడి ఊరికి ఎనిమిది, పది కిలోమీటర్ల దూరం. టుక్‌టుక్ మాట్లాడుకున్నాం. వయసులో ఉన్నవాళ్ళకు సైకిళ్ళు అద్దెకిస్తారు, నేల చదునుగానే ఉంటుంది. మామూలు రోజుల్లో టికెట్ దగ్గర్నుంచి చెరువు పక్కగా బ్యాటరీ బండి ఉంటుంది. ఆ రోజు జనంలో నడిచే వెళ్ళాం. మొగ్గల్లాంటి రాతి స్తంభాల నడుమ దారి, రెండు పక్కలా రాతి మండపాలు, తర్వాత నంది మండపం. రాళ్ళను తిరిగి నిలబెట్టే పనిలో మన భారత పురావస్తు శాఖ కూడా ఉంది. ఆ మాట చదివినప్పుడు నా గుండె నిండింది.

తర్వాత మెట్లు. నిట్టనిలువుగా, అరిగిపోయి, రెండు పక్కలా దేవగన్నేరు చెట్లు. ఆ పువ్వు పేరు అక్కడ చంపా, అదే వాళ్ళ జాతీయ పుష్పం. వదిన ఒక్కో మెట్టూ రెండు చేతులా పట్టుకుని కూర్చుంటూ ఎక్కింది. వెనక నుంచి ఎవరో కుర్రాడు ఆమె సంచీ అందుకుని పైన పెట్టి, చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పటి గర్భగుడి ఎక్కువ భాగం 11వ శతాబ్దపుది. ద్వారం పైన ఐరావతం మీద ఇంద్రుడు. లోపల బుద్ధ విగ్రహాలు, వాటి ముందు కొవ్వొత్తులు, పూలు. లింగం లేదు. వదిన ముఖం ఒక్క క్షణం వాడింది. నేను ఆమెను గుడి వెనక్కి తీసుకెళ్ళాను. అక్కడ కొండచరియలోంచి నీళ్ళు ఊరుతున్నాయి. ఆ నీళ్ళను రాతి కాలువలో గర్భగుడిలోకి పట్టి, స్వామి మీద రాత్రీ పగలూ పడేటట్టు అమర్చారు ఆనాటివాళ్ళు. కొండే శివుడికి అభిషేకం చేసిందన్నమాట. ఈనాటికీ జనం ఆ నీటిబొట్ల కింద దోసిళ్ళు పడుతున్నారు, తల మీద చల్లుకుంటున్నారు, సీసాల్లో నింపుకుంటున్నారు. వదిన తల వంచి ఆ చినుకుల కింద కూర్చుంది. "లింగం లేదన్నావేమే, నేను తల మీద నీళ్ళు పడుతూ కూర్చున్నది ఎక్కడ?" అంది. దగ్గర్లోనే ఒక బండ మీద నడుమ శివుడు, అటూ ఇటూ బ్రహ్మ, విష్ణువు చెక్కి ఉన్నారు. రాగిచెంబు నీళ్ళతో అక్కడే పూజ చేసుకున్నాం.

పై నుంచి చూస్తే అర్థమైంది. కొండ కొస నుంచి గుడి, మెట్లు, దారి, చెరువులు, అన్నీ ఒకే గీత మీద నది వైపు సాగుతాయి. 2001లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు, కొండ నుంచి నదీతీరం దాకా పది కిలోమీటర్ల ఈ అమరికనే ప్రత్యేకంగా చెప్పింది. అంటే ఈ క్షేత్రం నది దగ్గర మొదలవుతుంది. పాక్సే నుంచి పొద్దున వ్యానులో వచ్చి, గంటన్నర చూసి, మధ్యాహ్నానికి వెళ్ళిపోయేవాళ్ళను చాలామందిని చూశాను. మన ఆలయాల్లో కోనేరు చూడకుండా ధ్వజస్తంభం దగ్గరికే దిగినట్టుంటుంది అది. రెండు రాత్రులు చంపాసక్‌లోనే ఉండండి, నదిలో మునిగి గుడికి వెళ్ళండి.

దక్షిణాన కొద్ది దూరంలో హోంగ్ నాంగ్ సీదా అనే శిథిలాలయం ఉంది. సీతమ్మ గది. కంబోడియాలోని అంగ్‌కోర్‌కు పోయే పాత బాట అటే సాగేదట. భద్రాచలం దగ్గర పర్ణశాల చూసిన కళ్ళతో దాన్ని చూసి, వదిన అక్కడ ఒక పసుపుకొమ్ము పెట్టింది.

తిరుగుదారి మాత్రం నది మీదే అని వదిన పట్టుబట్టింది. పొద్దున సోంగ్‌తేవ్‌లో పాక్సేకు తిరిగి రావచ్చు, అది చవక. మేం నాలుగు వేల లంకలనే సీ ఫాన్ దోన్ కూడా చూడాలనుకున్నాం కాబట్టి, బసవాళ్ళే పడవకూ వ్యానుకూ కలిపి టికెట్ రాసిచ్చారు. అటు నుంచి ఇంకా కిందికి పోతే కంబోడియా సరిహద్దు. ఊరికి ఉత్తరాన రేవు. ఇటు నుంచి దాటితే అవతలి ఒడ్డున బాన్ మువాంగ్, అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లలో 13వ నంబరు రహదారి మీద లక్ 30. "లక్" అంటే కిలోమీటరు రాయి. పాక్సే నుంచి ముప్పయ్యో రాయి దగ్గరున్న ఊరు, అదే దాని పేరు. దక్షిణానికి వెళ్ళే వ్యానులు అక్కడ ఎక్కించుకుంటాయి.

రేవులోకి దిగి ఆగిపోయాను. రెండు పడవలను పక్కపక్కన కట్టి, మీద చెక్కలు పరిచి, చెక్కల మీద రెండు మోటారు సైకిళ్ళు, నలుగురు మనుషులు. "పంటే!" అంది వదిన. అచ్చం పంటే. సరంగు వెనక నిలబడి ఇంజను తాడు లాగాడు. రోడ్డు పడ్డాక పెద్ద బళ్ళు రేవుకు రావడం మానేశాయని, ఈ చిన్నవాటికి మోటారు సైకిళ్ళే గిరాకీ అని బసవాళ్ళు చెప్పారు. ఎదుర్లంక వారధి వచ్చాక బోసిపోయిన మా యానాం రేవు గుర్తొచ్చింది.

నది నడుమకు వచ్చాక సరంగు చెయ్యి చాపి కొండను చూపించాడు. "ఫూ కావ్" అన్నాడు. కొప్పు ఉన్న కొండ అని ఆ పేరుకు అర్థం. ఆ మాట చెప్పగానే వదిన కొంగు తల మీదికి లాక్కుని, ఆ కొప్పు వైపు తిరిగి, సీసా మూత తీసి కొండనీళ్ళు రెండు చుక్కలు నదిలో వదిలింది. మిగిలినవి కోటిపల్లికి. పంటు ఇసుకలో ఆగింది. సరంగు చెక్క వేసి, ముందు ఆమెకే చెయ్యి అందించాడు.