నిమ్ము అని చెప్పుకున్న జబ్బు

డిసెంబర్ రాగానే ఆఫీసులో అప్రైజల్ ఫారం పంపుతారు. ఏడాదంతా ఏం చేశావో నువ్వే రాసుకో, మార్కులూ నువ్వే వేసుకో అంటారు. 2025కి నేను రాసుకున్నది ఇదీ: పాత పేమెంట్ మాడ్యూల్‌ను కొత్త సర్వీసులోకి మార్చడం, మూడు రిలీజులు, ఇద్దరు ఫ్రెషర్లకు పని నేర్పడం. అన్నీ నిజమే. కానీ ఆ ఏడాది ఒక్క రోజు కూడా తప్పకుండా చేసిన పని ఆ ఫారంలో లేదు. ఆరు నెలల పాటు పొద్దున్నే పరగడుపున మాత్రలు మింగాను.

దగ్గు జనవరిలో మొదలైంది. హైదరాబాద్ చలి, దుమ్ము, మెట్రో దిగాక షేర్ ఆటో. దగ్గు రాకపోతేనే వింత అనుకున్నాను. రాత్రి ఎనిమిదిన్నరకు అమెరికా వాళ్లతో కాల్ ఉండేది, దగ్గు వస్తే మ్యూట్ నొక్కేవాణ్ణి. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడితే ఒక డోలో. తెల్లవారుజామున చెమటకు టీషర్టు తడిసి ముద్దయ్యేది. 67 కిలోలవాణ్ణి 58కి వచ్చాను. టీమ్‌లో అందరూ "ఏం డైట్ బాస్?" అని ఒకటే అడగడం. నేనూ సిగ్గులేకుండా "రాత్రి అన్నం మానేశా" అనేవాణ్ణి. మానేసిన మాట నిజమే, ఆకలి లేక.

వీధి చివర క్లినిక్‌లో రెండు కోర్సులు యాంటీబయాటిక్ రాశారు, ఎక్స్‌రే మాట ఎత్తలేదు. రెండు వారాలకు మించి దగ్గుంటే కఫం పరీక్ష చేయించుకోమని ప్రభుత్వాసుపత్రుల గోడల మీద రాసి ఉంటుంది. అలాంటి గోడ పక్క నుంచే రోజూ ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. అది ఎవరి కోసమో రాశారనుకున్నాను.

మార్చిలో ఒక పొద్దున వాష్‌బేసిన్‌లో రక్తపు చార కనిపించింది. ఊపిరితిత్తుల డాక్టర్ ఎక్స్‌రే చూసి కుడివైపు పైభాగాన మచ్చ చూపించారు. కఫం పరీక్షలో టీబీ అని తేలింది. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనని కూడా అందులోనే వచ్చింది. అది ఎంత మంచి వార్తో అప్పుడు నాకు అర్థం కాలేదు.

రాయచోటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సంబంధాలు చూస్తాండాం నాయనా, ఎవురన్నా అడిగితే నిమ్ము అని చెప్పు" అంది. మర్నాడే బస్సెక్కి వచ్చి నాకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టింది. డాక్టర్ నవ్వి, "కంచం వేరు చేయక్కర్లేదమ్మా, కిటికీలు తీసి పెట్టండి. ఇది గాలి ద్వారా వచ్చేది" అన్నారు. అయినా ఆ కంచం వేరుగానే ఉండిపోయింది.

మేనేజర్‌కు నిమ్ము అనే చెప్పాను. ఒక నెల ఇంటి నుంచి పని ఇచ్చారు. అబద్ధం అక్కడితో ఆగేదే. కానీ అర్బన్ హెల్త్ సెంటర్ నుంచి మందులిచ్చే హెల్త్ విజిటర్, టీబీ రోగుల వివరాలు రాసుకునే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నా పేరు ఎక్కించుకుంటూ, "మీతో ఎక్కువసేపు ఒకే గదిలో ఉండేవాళ్లెవరు సార్?" అని అడిగాడు. ఫ్లాట్‌లో ఉండే ఇద్దరి పేర్లూ చెప్పాను. ఆఫీసు సంగతి మింగేశాను. పక్క సీటు అతనూ నేనూ రెండు నెలలు తలుపులేసిన ఏసీ మీటింగ్ రూమ్‌లో కూర్చుని ఆ పేమెంట్ పని చేశాం. వాళ్లింట్లో మూడు నెలల పాప.

నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు. ఐదో రోజు ఫోన్ చేసి చెప్పాను. "ముందే చెప్పాల్సింది కదా" అన్నాడు, అంతే. ఆ రాత్రి ఎక్స్‌రే ఫొటో పంపి, కింద "క్లియర్" అని ఒక్క ముక్క రాశాడు. పాపకేమీ కాలేదు. రెండు వారాలు మందు పడితే అంటించే గుణం చాలావరకు తగ్గిపోతుందని డాక్టర్ రాసిచ్చిన కాగితం చూపించి ఆఫీసుకు వెళ్లాక కూడా, అతను చాలా రోజులు నా పక్కన కూర్చోలేదు. నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది, అతని స్థానంలో నేనైనా అదే చేసేవాణ్ణని తెలిసినా.

మందుల సంగతి. నా బరువుకు రోజుకు నాలుగు మాత్రలు, ఒక్కో దాంట్లో నాలుగు మందులు. రెండు నెలల తర్వాత మూడు మందుల మాత్రలకు మార్చారు. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోయాను. రిఫాంపిసిన్ అంతేనట. పైరజినమైడ్‌తో మోకాళ్లు పట్టేసేవి. అరికాళ్ల తిమ్మిర్లకు బి6 మాత్ర. దేనికీ లొంగనిది వికారం. పోపు వాసన తగిలితే చాలు బాల్కనీలోకి పరుగు. ఇథాంబుటాల్ వల్ల ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే వెంటనే రమ్మన్నారు. నా పనంతా ఆ రెండు రంగులతోనే. రాసిన కోడ్ టెస్టులు పాసైతే ఆకుపచ్చ చుక్క, ఫెయిలైతే ఎరుపు. ఏ డెవలపరూ ఎర్ర చుక్క చూసి సంతోషించడు. నేను మాత్రం పొద్దున్నే అది ఎర్రగానే కనపడిందని సంతోషించేవాణ్ణి.

పోషణ కోసం ప్రభుత్వం నెలకు 1000 రూపాయల లెక్కన ఖాతాలో వేసింది. ఐటీ జీతగాడికి ఇదెందుకని మొదట మొహమాటపడ్డాను. తర్వాత గుడ్లకే ఖర్చు పెట్టాను.

సెప్టెంబర్‌లో కఫంలో ఏమీ లేదన్నారు. బరువు 65. మందులు ఆపేశారు.

దసరాకు ఇంటికి వెళ్తే ఎదురింటి పిన్నమ్మ వచ్చి, "ఏమైంది నాయనా, అట్ల సన్నబడితివి?" అంది. అమ్మ వంటింట్లోంచే "నిమ్ము సేసింది" అంది. అరుగు మీద మా అవ్వ కూర్చోనుంది. వాళ్ల చిన్నాయన్ను ఆ కాలంలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో పెట్టారట. స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాని రోజులు. గాలి, పాలు, గుడ్లు, మంచం, అదే వైద్యం. ఆయన తిరిగి రాలేదు. చెవుడు కాబట్టి అవ్వ ఏం మాట్లాడినా వీధికంతా వినపడుతుంది.

"నిమ్మేందే? క్షయ! ఆరు నెల్లు మందు మింగినాడు, పాయె" అంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పిన్నమ్మ నా వైపు ఒకసారి చూసి, అరుగు మీద అవ్వ పక్కనే కూర్చుని, కాఫీ ఇమ్మని లోపలికి కేకేసింది.