అంటుకోవాలి, అడగగానే వదలాలి: స్క్రోల్ సా పనిలో కాగితపు డిజైను

సన్నని బ్లేడు కిందికీ పైకీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే యంత్రం స్క్రోల్ సా. దాని మీద కొత్తగా పని మొదలుపెట్టిన వారు ముందుగా బ్లేడు గురించి, ఆ తరువాత చెక్క గురించి అడుగుతారు. డిజైను ముద్రించిన కాగితాన్ని చెక్కకు ఎలా అంటించాలన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వస్తుంది. అది వచ్చేసరికి ఒకటి రెండు మంచి పలకలు పాడైపోయి ఉంటాయి. నేను ఎక్కువగా తెలుగు అక్షరాలతో నేమ్‌బోర్డులు కోస్తుంటాను. ఈ పనిలో కాగితం నుంచి మనం ఆశించేవి ఒకదానితో ఒకటి పొసగని రెండు గుణాలు. చివరి గీత తెగేదాకా అది వెంట్రుకవాసి అయినా కదలకూడదు. కోత ముగిసిన తరువాత జాడ మిగల్చకుండా ఊడి రావాలి. గట్టి జిగురు వాడితే మొదటిది దక్కుతుంది కానీ రెండవది చెడుతుంది. అందుచేత మరింత మంచి జిగురు కోసం వెతకడం కన్నా, జిగురుకూ చెక్కకూ మధ్య ఇంకొక పొరను ఉంచడమే సరైన మార్గమని నా దృఢమైన అభిప్రాయం.

అసలు కాగితం ఎందుకు, కార్బన్ పేపరుతో చెక్క మీదే గీసుకోవచ్చు కదా అని కొందరు అంటారు. లేత రంగు ప్లైవుడ్ మీద, పెద్ద పెద్ద వంపులున్న బొమ్మలకు అది చాలు. టేకు, రోజ్‌వుడ్ వంటి ముదురు చెక్కల మీద మాత్రం ఆ గీత రంపపు పొట్టు పడగానే కంటికి ఆనదు, చెయ్యి రాసుకుంటే చెరిగిపోతుంది. తెల్లని కాగితం మీద సన్నగా ముద్రించిన గీతను బ్లేడు తాకుతున్నదో లేదో దీపం వెలుగులో స్పష్టంగా కనిపిస్తుంది. గీత సన్నగా ఉండడం ముఖ్యం, ఎందుకంటే లావు గీతకు ఏ అంచున కోయాలన్న సందేహం అడుగడుగునా వస్తూనే ఉంటుంది.

మన అక్షరాల విషయంలో ఈ కచ్చితత్వానికి విలువ ఇంకా ఎక్కువ. 'ద' కింద చిన్న నిలువు గీత ఉంటేనే అది 'ధ' అవుతుంది. అరచేయంత అక్షరంలో కూడా ఆ గీత వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. దానికి రెండు పక్కలా కోత పడిన తరువాత అక్కడ మిగిలేది సన్నని కాగితపు పీలిక. దాన్ని పట్టి ఉంచడానికి అడుగున ఉన్న జిగురు తప్ప మరే ఆధారమూ ఉండదు. బ్లేడు నిమిషానికి కొన్ని వందల సార్లు కిందికీ పైకీ కదులుతుంది. దిగేటప్పుడు కాగితాన్ని చెక్కకు అదుముతుంది, లేచేటప్పుడు తెగిన అంచును తనతో పాటు లేపుతుంది. పొట్టును ఊదడానికి యంత్రానికి అమర్చిన గొట్టం నుంచి వచ్చే గాలి సరిగ్గా ఆ లేచిన అంచు కిందికి దూరుతుంది. క్షణంలో పీలిక ఎగిరిపోతుంది, దానితో పాటే గీతా పోతుంది, చూస్తుండగా 'సుధ' కాస్తా 'సుద' అయి కూర్చుంటుంది. కాబట్టి జిగురు పట్టును కాగితం మధ్యలో కాక, డిజైనులో అన్నిటికన్నా సన్నని చోట ఎలా ఉందో చూసి అంచనా వేయాలి.

ఇంట్లో ఫెవికాల్ ఉంది కదా అని దానితో అంటిస్తే పట్టుకు లోటుండదు. కానీ ఆ తెల్ల జిగురు చెక్క రంధ్రాల్లోకి ఇంకి అక్కడే గట్టిపడుతుంది. కాగితాన్ని తడిపి, గోకి, ఆపై ఉప్పు కాగితంతో రుద్ది తీయాలి. తడి తగిలితే చెక్క నార లేస్తుంది. ఎంత రుద్దినా లోపల మిగిలిన జిగురు పాలిష్‌ను పీల్చుకోనివ్వదు, అక్కడక్కడా పాలిపోయిన మచ్చలు తేలతాయి. ప్లైవుడ్ అయితే పై పొర మందం చాలాసార్లు మిల్లీమీటరు కూడా ఉండదు కనుక రుద్దుతూ పోతే కింది పొర బయటపడుతుంది. మైసూరు రోజ్‌వుడ్ పొదుగు పనిలో కూడా కళాకారులు కాగితం మీది నమూనాను పలుచని చెక్క ముక్కలకు అంటించి సన్నని చేతి రంపంతో కోస్తారు. అయితే ముక్కలను పొదిగాక పైభాగాన్ని ఎలాగూ నున్నగా చదును చేయాలి కాబట్టి కాగితం ఎంత గట్టిగా అంటుకున్నా వారికి పెద్ద నష్టం లేదు. మన పనిలో కాగితం అంటించిన ముఖమే రేపు గుమ్మం పక్కన కనిపించే ముఖం.

స్ప్రే జిగురును నేరుగా చెక్క మీద వాడే పద్ధతి విదేశీ వీడియోల్లో తరచు కనిపిస్తుంది. కాగితం వెనుక పలుచగా కొట్టి, అర నిమిషం ఆగి అంటిస్తే పట్టు బాగానే ఉంటుంది. వదిలించడం మాత్రం చెక్కను బట్టి మారుతుంది. నునుపైన టేకు మీద సులువుగానే లేస్తుంది. పోణికి వంటి మెత్తని చెక్క మీద నారను పట్టుకొని పైకి లాగుతుంది.

ఇక నేను మానకుండా పాటించే పద్ధతికి వస్తాను. పెయింట్ దుకాణాల్లో దొరికే మామూలు మాస్కింగ్ టేపే దీనికి ఆధారం. కార్లకు రెండు రంగులు వేసేటప్పుడు రంగు అంచు చెదరకుండా ఉండడానికి, ఆపై రంగు ఊడకుండా లేచి రావడానికి 1925లో త్రీఎం సంస్థలో రిచర్డ్ డ్రూ దీన్ని రూపొందించాడు. కాసేపు పట్టి ఉండి శుభ్రంగా వదలడం దాని పుట్టుకలోనే ఉన్న గుణం. మనకు కావలసిందీ సరిగ్గా అదే. ముందుగా చెక్కను 220 నంబరు ఉప్పు కాగితంతో చివరి నునుపు దాకా రుద్దాలి, ఎందుకంటే కోత అయిన తరువాత సన్నని భాగాలను రుద్దడం ప్రమాదం. దుమ్మును బ్రష్‌తోనూ పొడి గుడ్డతోనూ పూర్తిగా తీసివేయాలి. టేపు పట్టు జారిందంటే నూటికి తొంభై పాళ్లు కారణం ఆ దుమ్మే. తరువాత టేపు పట్టీలను అంచుకు అంచు ఆనించి, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా పరచాలి. ఎక్కిన చోట గట్టులా లేచి, పైన కాగితం బోలుగా నిలుస్తుంది. పాత ఏటీఎం కార్డు అంచుతో టేపునంతా గట్టిగా అదిమితే పట్టు సమంగా కుదురుతుంది.

ఆ టేపు మీద కాగితాన్ని దేనితో అంటించినా ఇబ్బంది లేదు, ఎందుకంటే జిగురు చెక్కను తాకదు. పిల్లలు బడిలో వాడే గ్లూ స్టిక్ చాలు. కాగితం వెనుక అంచుల దాకా, ముఖ్యంగా సన్నని గీతలున్న చోట్ల ఖాళీ లేకుండా పూసి, మధ్యలో ఆనించి బయటికి నిమరాలి. జిగురు తడికి కాగితం కొద్దిగా సాగుతుందని గుర్తుంచుకోవాలి. రెండు భాగాలు ఒకదానిలో ఒకటి కూర్చోవలసిన డిజైనులకు అందుకే స్ప్రే మేలు. ఇంక్‌జెట్ ముద్రణ అయితే తడికి గీత అలుక్కుపోతుంది, లేజర్ ముద్రణకు ఆ బెడద లేదు. ముద్రించేటప్పుడు కొలత నూరు శాతంగానే ఉంచి, కాగితం మీద స్కేలు పెట్టి సరిచూసుకోవడం మరవకూడదు.

టేకు, రోజ్‌వుడ్ కోసేటప్పుడు కాగితం మీద పార్సిళ్లకు వాడే పారదర్శక టేపును ఇంకొక పొరగా వేస్తాను. వంపుల దగ్గర బ్లేడు నెమ్మదించినప్పుడు చెక్క అంచు కమిలి నల్లబడడం దీనివల్ల బాగా తగ్గుతుంది. ఆ టేపు చుట్ట తనకు తాను అతుక్కోకుండా దాని వీపున ఉండే నున్నని పూత బ్లేడుకు కందెనలా పనిచేస్తుందని ఈ పనిలో ఆరితేరిన వారు చెబుతారు. లేచిన పీలికలను అదిమి ఉంచడం దీని వల్ల కలిగే మరో మేలు. దీపం కాంతి దాని మీద తళుక్కుమని కళ్లలో పడుతుంది కనుక దీపాన్ని పక్కకు వంచుకోవాలి.

మన వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెల ఎండల్లో స్ప్రే జిగురు కాగితాన్ని చెక్క దాకా చేర్చేలోపే ఆరిపోతుంది, కాబట్టి ఆగే సమయాన్ని తగ్గించాలి. వానాకాలంలో, అందులోనూ కోస్తా జిల్లాల్లో, రాత్రి అంటించిన కాగితం తెల్లారేసరికి ముడతలు పడుతుంది. అంటించిన రోజే కోయడం మంచిది. టేపు వేసిన పలకను రోజుల తరబడి ఎండ తగిలే చోట వదిలేస్తే, సులువుగా వదలవలసిన ఆ జిగురే గట్టిపడి చెక్కను పట్టేస్తుంది.

కోతలో లోపలి ముక్కలను ముందు, బయటి అంచును చివర కోయాలి; చుట్టూ చెక్క ఉన్నంత సేపు పలక గట్టిగా నిలుస్తుంది, కాగితమూ కదలదు. ఊడదీసేటప్పుడు తొందర పనికిరాదు. టేపు కొసను పట్టుకొని నిట్టనిలువుగా లాగకుండా, వెనక్కి మడిచి పలకకు దాదాపు ఆనించి, నార వెంట నెమ్మదిగా లాగాలి. నారకు అడ్డంగా ఉన్న సన్నని భాగాలు, ఉదాహరణకు కొన్ని ఒత్తుల తోకలు, ఏమాత్రం బలం తగిలినా పుటుక్కున విరుగుతాయి; అక్కడ ఒక వేలితో చెక్కను అదిమి పట్టి, రెండో చేత్తో లాగాలి. మొరాయిస్తే జుట్టు ఆరబెట్టే డ్రైయర్‌తో కాసేపు వేడి తగిలించితే జిగురు మెత్తబడి లేస్తుంది.

ఎక్కడైనా జిడ్డు మిగిలితే మెత్తని గుడ్డకు కొద్దిగా టర్పెంటైన్ అద్ది తుడవాలి. కిటికీలు తెరిచి, పొయ్యికీ దీపానికీ దూరంగా మాత్రమే ఈ పని చేయాలి. పూర్తిగా ఆరాక పలకను కిటికీ వైపు ఏటవాలుగా పట్టి చూస్తే, జిగురు మిగిలిన చోటు చుట్టుపక్కల కన్నా మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరుపు పోయేదాకా మళ్లీ తుడిచి, ఆ తరువాతే నూనె మొదటి పూత వేయాలి.