వాళ్ళకొస్తే పాపఫలం, మనకొస్తే పరీక్ష

ఎక్కడైనా భూకంపం వచ్చిందంటే చాలు, శిథిలాల కింద నుంచి ఇంకా మనుషుల్ని బయటికి లాగుతూనే ఉంటారు, ఈలోపే ఎవడో ఒకడు ఫోన్‌లో తీర్పు రాసి పంపేస్తాడు, అక్కడ పాపం పండింది అందుకే అని. ఏ పాపం అన్నది పంపేవాడి మతాన్ని బట్టీ పార్టీని బట్టీ మారుతుంది గానీ తీర్పు మాత్రం ఒకటే. 2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు చూశాం కదా, అన్ని వయసుల ఆడవాళ్ళనీ గుడిలోకి రానివ్వాలన్న శబరిమల కేసు వల్ల అయ్యప్పకి కోపమొచ్చిందని కొందరు, గొడ్డు మాంసం తింటారు కాబట్టి అని ఇంకొందరు. తమాషా ఏంటంటే ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది సెప్టెంబర్ 28న, వరద వచ్చి నెల దాటాక. నేరం జరక్కముందే శిక్ష అమలైపోయిందన్నమాట.

ఇది దేవుడున్నాడా లేడా అనే పోస్టు కాదు, ముందే చెప్తున్నా, ఆ గొడవ నాకొద్దు. నా పేచీ అంతా ఈ లెక్క కట్టే పద్ధతితోనే. ముందు విపత్తు వస్తుంది, తర్వాత పాపం వెతుకుతారు, వెతికితే ఏదో ఒకటి దొరక్క మానదు, ఏ ఊళ్ళోనైనా అన్ని రకాల మనుషులూ ఉంటారు కాబట్టి. కాకి వాలింది తాటిపండు పడింది, అంతే సంగతి, కాకపోతే ఇక్కడ ఏ కాకిని పట్టుకోవాలో ముందే డిసైడైపోయి ఉంటుంది, ఎవడికి ఎవరంటే పడదో ఆ కాకే దొరుకుతుంది. అదే విపత్తు తన వాళ్ళ మీద పడితే లెక్క తిరగబడిపోతుంది, అప్పుడది భక్తుల ఓర్పుకి పై నుంచి పెట్టిన పరీక్ష. మన ప్రార్థనా మందిరం నిలబడితే మహిమ, కూలితే సిమెంటు నాసిరకం.

2004 డిసెంబర్ 26 సునామీ అప్పుడు ఇండోనేషియాలోని అచే తీరంలో చుట్టూ ఊళ్ళకి ఊళ్ళు ఊడ్చుకుపోయి మధ్యలో మసీదు ఒక్కటే నిలబడ్డ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. చాలామందికి అది ఓదార్పు, కాదనను. కానీ ఆ మసీదుల్లో చాలా వాటికి చుట్టుపక్కల ఇళ్ళకంటే గట్టి స్తంభాలున్నాయి, కింద అంతస్తు ఎక్కువగా ఓపెన్‌గా ఉంటుంది, నీళ్ళు గోడని గుద్దకుండా లోపల్నుంచి దూసుకుపోయాయి. సరే ఇదంతా పక్కన పెట్టండి, నాకు ఆ ఫోటోల కంటే సిమేలూ దీవి కథే ఎక్కువ నచ్చుతుంది. అది భూకంప కేంద్రానికి చాలా దగ్గర్లో ఉన్న దీవి. అక్కడ 1907లో ఒక సునామీ వచ్చి జనాన్ని తినేసింది, అప్పట్నుంచి ముసలివాళ్ళు పిల్లలకి పాటల్లో జోలల్లో చెప్తూ వచ్చారు, నేల గట్టిగా ఊగి సముద్రం వెనక్కి పోయిందంటే ఏదీ తీసుకోవద్దు కొండెక్కెయ్ అని. దానికి వాళ్ళ భాషలో స్మాంగ్ అని పేరు కూడా ఉంది. 2004లో నేల ఊగింది, ఎవరో స్మాంగ్ అని అరిచారు, ఊళ్ళన్నీ కొండెక్కాయి. దీవిలో 78 వేల మంది దాకా ఉంటే పోయినవాళ్ళు 7గురు. ఎదురుగా ఉన్న అచే తీరంలో లక్ష దాటారు. ఇద్దరిదీ ఒకే మతం, అవే ఐదు పూటల నమాజులు. మరి దేవుడు ఈ దీవివాళ్ళని వదిలేసి ఆ తీరంవాళ్ళనే ఎందుకు పట్టుకున్నాడో ఆ తీర్పులిచ్చేవాళ్ళు చెప్పాలి.

ఇక్కడ ఒక తేడా మాత్రం గట్టిగా చెప్పాలి నేను. బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఏ జన్మలో ఏం పాపం చేశానో అని గుండె బాదుకుంటే ఆమెకి నేల కింద కదిలే టెక్టానిక్ ప్లేట్ల గురించి చెప్పేవాడంత మూర్ఖుడు ఇంకొకడు ఉండడు. అంత పెద్ద దెబ్బ ఏ కారణం లేకుండా తగిలిందంటే మనసు ఒప్పుకోదు, తప్పు నాదే అనుకోవడమైనా నయం అనిపిస్తుంది, కనీసం దానికో అర్థం ఉంటుంది కాబట్టి. ఆమె మాట మీద నాకే కంప్లైంటూ లేదు. నా కంప్లైంట్ అంతా అదే మాటని ఎక్కడో దూరంగా ఫ్యాన్ కింద కూర్చుని ఏం పాపం చేశారో వాళ్ళు అనేవాడి మీద.

ఈ దూరంగా కూర్చోవడం గురించి నాకంటే బాగా రాసినాయన రవీంద్రనాథ్ టాగూర్, అదీ గాంధీకి జవాబుగా. చాలామందికి ఈ గొడవ తెలీదు, తెలిసినవాళ్ళు కూడా గాంధీ ఒక తిక్క మాట అన్నాడని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, విషయం అంత సింపుల్ కాదు. 1934 జనవరి 15 మధ్యాహ్నం బీహార్ నేపాల్ ప్రాంతంలో పెద్ద భూకంపం, తీవ్రత 8 దగ్గర్లో. ముంగేర్ పట్నం నేలమట్టమైంది. ఉత్తర బీహార్‌లో నేల మెత్తబడిపోయి ఇళ్ళు ఉన్నచోటే కూరుకుపోయాయి, పొలాల్లో నేల చీలి నీళ్ళూ ఇసుకా పైకి చిమ్మి, పంట మీద ఇసుక పేరుకుపోయింది. 10 వేల మందికి పైగా పోయారు. అప్పుడు గాంధీ అస్పృశ్యతకి వ్యతిరేకంగా దక్షిణాదిలో తిరుగుతున్నాడు. తిరునెల్వేలి సభలో, నన్ను మూఢనమ్మకస్థుడన్నా పర్లేదు, ఇది మన పాపాలకి దేవుడు వేసిన శిక్ష అన్నాడు, ఆ పాపాల్లో పెద్దది అంటరానితనం అని ఆయన లెక్క.

టాగూర్ కూడా అస్పృశ్యతకి వ్యతిరేకే, 1932లో యెరవాడ జైల్లో గాంధీ నిరాహార దీక్ష విరమించినప్పుడు పక్కనే ఉన్న మనిషి. అయినా ఊరుకోలేకపోయాడు. ఆయన రాసిందాని సారం ఇది. ప్రకృతిలో జరిగేదానికి ప్రకృతిలోనే కారణం ఉంటుంది. రెండు, ఈ వాదన నీకు పనికొస్తే నీ ఎదుటివాడికీ పనికొస్తుంది, రేపు సనాతనులు ఈ భూకంపం నీ సంస్కరణల వల్లే వచ్చిందంటే నువ్వేమంటావు. మూడోది నాకు అన్నిటికంటే సూటిగా తగిలేది, ఎక్కడో క్షేమంగా ఉన్న అసలు దోషులకి బుద్ధి చెప్పడం కోసం దారినపోయే వాళ్ళనీ, పసిపిల్లల్నీ, చివరికి అస్పృశ్యుల్నీ కూడా చంపే పాలకుణ్ణి మనుషుల్లో ఎవరైనా నాగరికుడంటారా, మరి దేవుడికి ఆ పని ఎలా అంటగడతాం అని.

గాంధీ దాన్ని దాచెయ్యలేదు, ఫిబ్రవరి 16న హరిజన్ పత్రికలో అచ్చేసి పక్కనే తన జవాబూ వేశాడు. నేను రుజువు చెయ్యలేను, ఇది నా విశ్వాసం, ఒకవేళ ఇది తప్పని తేలినా నన్నూ నాతో నమ్మేవాళ్ళనీ ఆత్మశుద్ధి వైపు నడిపించింది కాబట్టి మేలే చేసినట్టు అని దాని సారాంశం. ఒకటి ఒప్పుకోవాలి, ఆయన మన పాపం అన్నాడు, వాళ్ళ పాపం అనలేదు, తనని కూడా బోనులో నిలబెట్టుకున్నాడు. ఇవాళ ఫార్వర్డ్ చేసేవాళ్ళలో ఆ పని చేసినవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. అయినా సరే నా ఓటు టాగూర్‌కే. మంచి పనికోసం వాడినా సరే ఆ ఇసుక మేట కింద పోయిన దళిత కుటుంబానికి ఆ జవాబు ఎలా చెప్తాం, మీకు జరిగిన అన్యాయానికి శిక్షగా మిమ్మల్నే చంపారు అనా?

గాంధీ లాంటి మనిషి చేతిలోనే అది ఇలా తయారైతే వేరేవాళ్ళ చేతిలో ఎలా ఉంటుందో చూడాలంటే కరీబియన్ దీవుల్లోని హైతీ. 2010 జనవరి 12న అక్కడ భూకంపం వచ్చిన మర్నాడే అమెరికాలో పాట్ రాబర్ట్‌సన్ అనే టీవీ బోధకుడు వీళ్ళు ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ నుంచి విడిపించమని సాతానుతో ఒప్పందం చేసుకున్నారు, అప్పట్నుంచి శాపగ్రస్తులే అన్నాడు. ఆయన సాతాను ఒప్పందం అంటున్నది దేన్నో తెలుసా, 1791లో మొదలైన బానిసల తిరుగుబాటుని. చెరకు తోటల్లో కొరడాల కింద చచ్చిపోతున్న బానిసలు తిరగబడి 1804లో సొంత దేశం తెచ్చుకోవడం, అదీ వాళ్ళ పాపం. తర్వాత 1825లో ఫ్రాన్స్ యుద్ధ నౌకలు తెచ్చి నిలబెట్టి, మా ఆస్తులు పోయాయి 15 కోట్ల ఫ్రాంకులు నష్టపరిహారం కట్టండి అని బెదిరించింది, ఆ ఆస్తుల్లో ఈ మనుషులు కూడా ఒక భాగమే. తర్వాత ఆ మొత్తం తగ్గించారు గానీ ఆ అప్పులూ వడ్డీలూ తరతరాలు కట్టుకుంటూనే ఉన్నారు. దీన్ని ఆయన పాపాల లిస్టులో ఎందుకు వెయ్యలేదో మరి.

హైతీ భూకంపం తీవ్రత 7.0, పోయినవాళ్ళు కొన్ని లెక్కల్లో లక్షకి అటూ ఇటూ, ప్రభుత్వం చెప్పింది దానికి రెండు మూడింతలు. ఆరు వారాలకి ఫిబ్రవరి 27న చిలీలో 8.8 వచ్చింది, విడుదలైన శక్తి హైతీ దానికి దాదాపు 500 రెట్లు, పోయినవాళ్ళు అయిదొందల చిల్లర. కేంద్రం హైతీలో రాజధాని పక్కనే ఉంది, చిలీలో సముద్రంలో ఉంది, ఆ తేడా ఉంది నిజమే. కానీ మిగతాది కాంక్రీటు. చిలీలో 1960లో 9.5 వచ్చింది, ఇప్పటిదాకా కొలిచినవాటిలో అదే పెద్దది, ఆ దెబ్బలన్నీ తిన్నాక భూకంపానికి తట్టుకునేలా కట్టకపోతే కుదరదని రూల్సు పెట్టారు, పెట్టి వదిలెయ్యకుండా పాటించారు. హైతీలో అడిగే నాథుడు లేడు, సరైన ఇనుము లేని స్తంభాల మీద బరువైన శ్లాబులు, ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. పాపం గురించి మాట్లాడితే స్తంభంలో ఊచ ఎవరు తగ్గించారు అన్న మాటే రాదు, నాకు మండేది అక్కడే.

మన దగ్గరా అంతే. 2016 మార్చిలో కోల్‌కతాలో కడుతున్న ఫ్లైఓవర్ కూలి ఇరవై మందికి పైగా చనిపోతే కట్టే కంపెనీ అధికారి మీడియా ముందు ఇది దైవఘటన అనేశాడు. వరదా కాదు భూకంపమూ కాదు, మనుషులు కట్టినది మనుషుల మీద పడింది, అయినా దేవుడి ఖాతాలోకే.

ఈ పాపాల లెక్కని ఎదుర్కోవడం కూడా ఇప్పటిది కాదులెండి. 1755 నవంబర్ 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చింది, సకల పరిశుద్ధుల పండగ రోజు, పొద్దున్నే జనమంతా చర్చిల్లో ఉన్నారు, చర్చిలే మీద పడ్డాయి, వెలిగించిన కొవ్వొత్తుల వల్ల కూడా మంటలు అంటుకున్నాయి, రేవుకి పరిగెత్తినవాళ్ళని సునామీ పట్టుకుంది. మత విచారణ పేరుతో మనుషుల్ని తగలబెట్టించే కోర్టు భవనం కూడా కూలింది. మలగ్రిడా అని జెసూయిట్ అనే క్యాథలిక్ సంఘానికి చెందిన ఒక ఫాదర్ ఇది మన పాపాల వల్లే, సహజ కారణాలు అని చెప్పేవాళ్ళు జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నారని చిన్న పుస్తకం వేసి పంచాడు. మంత్రి, తర్వాత పొంబాల్ అని పేరు పొందినాయన, ఆయన్ని ఊరు దాటించేశాడు (తర్వాత 1761లో ఆయన్ని మతద్రోహం కేసులో చంపించారు కూడా, అది ఇంకో దుర్మార్గం, దాన్ని సమర్థించను). కానీ పొంబాల్ ప్రభుత్వం చేసిన ఒక పని భలే ఉంటుంది. దేశంలో ప్రతి చర్చి ఫాదర్‌కీ ప్రశ్నలు పంపారు. ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపు ఊగింది, ఏ దిక్కు నుంచి ఎక్కువ అనిపించింది, సముద్రం ముందు లేచిందా తగ్గిందా, నేల ఎక్కడైనా చీలిందా, ఎన్ని ఇళ్ళు పోయాయి, ఎంతమంది పోయారు. ఆదివారం పాపాల మీద ప్రసంగం చెప్పిన ఫాదరే సోమవారం కూర్చుని ఇవన్నీ నింపాల్సి వచ్చి ఉంటుంది, తల్చుకుంటే నాకు నవ్వొస్తుంది. ఆ జవాబులు చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి, వాటిని బట్టే అప్పటి భూకంపం ఎలా నడిచిందో ఇవాళ్టి సైంటిస్టులు లెక్క కడుతున్నారు.

అయితే ప్రతిదాన్నీ ఇలా తీసిపారెయ్యలేను. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరదప్పుడు ధారీదేవి కోపం అన్నారు గుర్తుందా. అలకనంద మీద జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం అమ్మవారి విగ్రహాన్ని జూన్ 16న కదిలించారు, వరద ఆ రాత్రీ మర్నాడూ. కుండపోత వాన పడి కేదార్‌నాథ్ పైన చోరాబారి సరస్సు తెగింది, విగ్రహానికీ దానికీ సంబంధం లేదు. కానీ ఆ ఊళ్ళవాళ్ళు అమ్మవారిని కదపొద్దు అని ఏళ్ళ తరబడి అన్నదాంట్లో మా నదిని ఇలా చెయ్యొద్దు అన్న మొర కూడా ఉంది. తర్వాత సుప్రీంకోర్టు చెప్పాక వేసిన నిపుణుల కమిటీ కూడా ప్రాజెక్టులవాళ్ళు ఒడ్డున పోసిన మట్టీ రాళ్ళూ కొట్టుకొచ్చి కింద నష్టం పెంచాయనే చెప్పింది. ఇది ‘వాళ్ళ పాపం’ అనే మాటలాంటిది కాదు, నది పక్కన బతికేవాళ్ళు తమకి వచ్చిన భాషలో పెట్టుకున్న అర్జీ. దాన్ని మూఢనమ్మకం అని నవ్వేసి ఫైలు మూసేసినవాళ్ళకి ఎంత లాభమో ఆలోచించండి.

మత గ్రంథాలు కూడా ఈ తీర్పులవాళ్ళకి అంత సపోర్టేం ఇవ్వవు. బైబిల్లో ఏ తప్పూ చెయ్యకుండానే కష్టాల్లో పడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు నువ్వేదో చేసుంటావు లేకపోతే ఇలా అవదు అని పేజీలకి పేజీలు వాయిస్తారు, చివర్లో దేవుడు కోప్పడేది ఆ స్నేహితుల మీద. లూకా సువార్తలో సిలోయము గోపురం కూలి 18 మంది పోతే వాళ్ళు యెరూషలేములో మిగతావాళ్ళకంటే పాపులనుకుంటున్నారా, కాదు అంటాడు యేసు. ఆ తర్వాత మీరు మారకపోతే అని ఒక హెచ్చరిక ఉంది, అదీ వింటున్నవాళ్ళకే.

ఇక మన అర్థశాస్త్రం. కౌటిల్యుడు వరద, కరువు, రోగం లాంటివాటిని దైవం వల్ల వచ్చే ఆపదలనే అంటాడు, పర్వదినాల్లో నదికి పూజ చెయ్యమంటాడు, వానలు పడకపోతే ఇంద్రుణ్ణి కొలవమంటాడు, నాస్తికుడేం కాదు. కానీ ఆ పక్కనే, వానాకాలం రాగానే ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళు మెరకకి మారిపోవాలి, చెక్కలూ వెదుళ్ళూ పడవలూ దగ్గర ఉంచుకోవాలి, కొట్టుకుపోతున్నవాణ్ణి సొరకాయ బుర్రలూ తోలు తిత్తులూ ఏది దొరికితే అది వేసి బయటికి లాగాలి అని రాస్తాడు. కొట్టుకుపోతున్నవాడు ఏ పాపం చేశాడన్న విచారణ ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. చూస్తూ కూడా కాపాడ్డానికి వెళ్ళనివాడికి మాత్రం 12 పణాలు జరిమానా, పడవ లేనివాళ్ళకి మినహాయింపు.